ఫైర్‌వాల్ మీద శ్రీ

ఎనభైల మొదట్లో నేను ఎడిసన్‌లో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాణ్ణి. ఇంటాయన మా నాన్న స్నేహితుడికి తమ్ముడు. అందుకని నాకు బాబాయిగారు, ఆయన భార్య పిన్నిగారు. వారమంతా పార్సిప్పనీలో వాల్వులు పరీక్షించే ఉద్యోగం. శనివారమైనా కాస్త పడుకుందామనుకుంటే తలుపు మీద బాబాయిగారి వేళ్ళ చప్పుడయ్యేది.

"లేచావుటోయ్? గ్యారేజ్ చల్లగా ఉంది, స్వెట్టర్ వేసుకుని రా."

గ్యారేజ్‌లో ఉన్నది అరవైల చివర్లో డెట్రాయిట్ దగ్గర తయారైన రెండు తలుపుల కారు. పెద్ద ఎనిమిది సిలిండర్ల ఇంజన్, నాలుగు గేర్లు, తొక్కితే మోకాలు పట్టేసే క్లచ్. పెన్సిల్వేనియాలో ఒకాయన దాన్ని కొత్తగా కొని ఆదివారాలు పందేలకు తోలాడట. తర్వాత ఒక కాలేజీ కుర్రాడు నారింజ రంగు వేయించాడు. మూడో ఆయన నల్ల చారలు గీయించి, వెనక వెడల్పాటి టైర్లు పట్టడానికి చక్రాల మీది ఫెండర్ రేకుల అంచులు కోయించాడు. పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరిన రోజుల్లో ఇంత తాగే కారు ఎవరికీ అక్కర్లేకపోయింది. ఏళ్ళ తరబడి ఒక పశువుల కొట్టం వెనక టార్పాలిన్ కింద పడి ఉంది. ఈ చరిత్రంతా కొంత అమ్మినవాడు చెప్పాడు, మిగతాది రంగు పొరలు గీకుతూ నేనే చదువుకున్నాను. అన్నిటికన్నా అడుగున ముదురు ఆకుపచ్చ.

బాబాయిగారికి కార్ల మీద మోజు లేదు. ఆఫీసుకి వెళ్ళేది చిన్న జపాన్ కారులో. ఈ కారు కావలసింది వేరే కారణానికి. ఇది తయారైన ప్లాంట్‌లోనే, ఆ రోజుల్లోనే, ఆయన మొదటి ఉద్యోగం. మాస్టర్స్ డిగ్రీ ఉన్నా దొరికింది అసెంబ్లీ లైన్ మీద ఇన్‌స్పెక్టర్ పని. కారు బాడీ ముందుకు రాగానే, ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే ఇనప గోడను, అంటే ఫైర్‌వాల్‌ను, టార్చి వేసి చూడాలి. బాగుంటే పసుపు మైనపు క్రేయాన్‌తో తన గుర్తు పెట్టాలి. ఒక్కొక్కరిదీ ఒక్కో గుర్తు. పక్క స్టేషన్‌లో ఒకడు సున్నా చుట్టేవాడు, ఇంకొకడు పేరులో మొదటి అక్షరం రాసేవాడు. బాబాయిగారు శ్రీ రాసేవారు.

"పరీక్ష పేపరు మీద అయినా పచారీ చీటీ మీద అయినా పైన శ్రీ రాయందే మనకి చెయ్యి కదలదు కదా. మొదటి రోజు కూడా అలాగే రాసేశాను. ఫోర్‌మన్ వచ్చి, ఇదేంటి, పామా అన్నాడు. నా సంతకం అన్నాను. సరే, రోజూ ఇదే పాము వెయ్యి అని పోయాడు."

చమురు కరువులో ఆ ఉద్యోగం పోయింది. తర్వాత ప్లాంట్ కూడా మూసేశారు. అక్కడ పనిచేసినట్టు ఆయన దగ్గర ఒక్క కాగితం మిగల్లేదు, ఫోటో లేదు. తన గుర్తు ఉన్న కారు ఒక్కటైనా ఈ దేశంలో ఎక్కడో తిరుగుతూ ఉండాలన్నది ఆయన పట్టుదల. దాన్ని ఇలాంటి పాత కార్లను పరీక్షించే క్లబ్బు వాళ్ళు చూసి, ఇది ఫ్యాక్టరీ గుర్తే అని సర్టిఫికెట్‌లో రాయాలి. అంతకు మించి ఆ కారు నుంచి ఆయనకి ఏమీ అక్కర్లేదు.

"ఆ గోడకి మాత్రం వైర్ బ్రష్ పెట్టకు," అని నాకు ముందే చెప్పారు. నూలు గుడ్డ, థిన్నరు, చిన్న చెక్క పుల్ల. అరచెయ్యంత మేర శుభ్రం చేయడానికి ఒక పూట పట్టేది. ఆయన వెనకే నిలబడి టార్చి పట్టుకునేవారు. రంగు కింద ఫ్యాక్టరీ వాళ్ళ తొలి పూత, ప్రైమరు, దాని మీద గుర్తు ఉంటాయనుకుంటే ఉత్త ఇనుము కనబడింది. వెనకటి వాళ్ళెవరో ఫైర్‌వాల్‌ని యాసిడ్‌తో కడిగేసి మళ్ళీ రంగేశారు.

"ఏమీ మిగల్లేదు బాబాయిగారూ."

"అసలు నా గుర్తు దీని మీద ఉండి ఉంటుందంటావా?"

నేను లెక్క వేశాను. బాడీ మీద బిగించిన నంబర్ల రేకు కారు ఏ వారంలో తయారైందో చెబుతుంది, ఏ షిఫ్టులోనో చెప్పదు. షిఫ్టులు రెండు, ఆయన పనిచేసింది ఒకదాంట్లో. ఆయన సెలవులు పోగా సగానికి కాస్త తక్కువే. "సగం సగం," అన్నాను.

"సగం అంటే తక్కువేం కాదులే," అని టార్చి ఆర్పేశారు.

ఆ తర్వాత కూడా పని ఆగలేదు. ఫెండర్లు, బ్రేకు గొట్టాలు, వైరింగు, సీట్ల గుడ్డ. క్లబ్బు వాళ్ళ పద్ధతి విచిత్రంగా ఉండేది. కారు కొత్తదానికన్నా బాగుండకూడదు. ఫ్యాక్టరీలో రంగు కారిన చోట మేమూ రంగు కార్చాలి. తలుపుల సందులు నేను గేజ్ పెట్టి సమంగా సరిచేస్తే బాబాయిగారు చూసి నిట్టూర్చారు. "ఇంత బాగా చేస్తే పాయింట్లు కోస్తారు. మేం ఇలా ఎప్పుడు చేశాం? కాస్త వంకర పెట్టు." వాల్వుల ఉద్యోగంలో వారమంతా వంకర తీయడం, శనివారం వంకర పెట్టడం. రాను రాను నాకు రెంచి చూస్తేనే నీరసం వచ్చేది. పిన్నిగారు మాకు భోజనం గ్యారేజ్ మెట్ల మీదే పెట్టి వెళ్ళిపోయేవారు. "ఆ కారుకీ ఒక కంచం పెట్టమంటారా?" అనేవారు పోతూ పోతూ.

క్లబ్బు వాళ్ళు కార్లకు పాయింట్లు వేసే షో ముందు రోజు బాబాయిగారు బానెట్ ఎత్తి, జేబులోంచి పసుపు క్రేయాన్ తీశారు. నా వైపు చూశారు. నేను వద్దనలేదు, రాయమనీ అనలేదు. అప్పటికి ఓపిక లేదు. ఆయన ఫైర్‌వాల్ మీద, ఎడమ పక్కన, ఒక్క ఊపులో శ్రీ రాశారు.

షో ఒక హైస్కూల్ పార్కింగ్ లాట్‌లో. జడ్జి నెరిసిన గడ్డం మనిషి, మర్యాదస్తుడు. ఇంజన్ నంబర్లు చూశాడు, కారిన రంగు చూసి మెచ్చుకున్నాడు, రబ్బరు గొట్టాలు బిగించే హోస్ క్లాంపులు తప్పు రకమని రాసుకున్నాడు. తర్వాత ఫైర్‌వాల్ దగ్గర ఆగాడు.

"ఇదేమిటి?"

"ఇన్‌స్పెక్టర్ గుర్తు," అన్నారు బాబాయిగారు.

"ఈ ప్లాంట్ కార్లు చాలా చూశాను. ఇలాంటిది ఎక్కడా లేదు."

"ఆ ఇన్‌స్పెక్టర్ని నేనే."

జడ్జి కళ్ళజోడు తీసి ఆయన్ని చూశాడు. "మీ మాట నమ్మాలనే ఉంది. మరి ఈ గుర్తు సరిగ్గా ఈ కారు మీద ఉండేదా? రంగు తీసినప్పుడు కనబడిందా?"

బాబాయిగారు నన్ను చూశారు. నేను నేలను చూశాను. "కనబళ్ళేదు," అని ఆయనే చెప్పారు.

మడత కుర్చీలో పులిహోర డబ్బాతో కూర్చున్న పిన్నిగారు లేచి వచ్చారు. ఆమెకు ఇంగ్లీషులో పోట్లాడటం ఎప్పుడూ ఇష్టమే. "లిజన్ సర్. ఎవ్రీ నైట్ ఐ వాష్ ద షర్ట్. కఫ్ మీద ఎల్లో, పాకెట్‌లో ఎల్లో. నెవర్ కమ్ అవుట్. యూ ఆస్క్ మీ."

జడ్జి నవ్వలేదు. "మేడమ్, నేను నమ్ముతున్నాను. కానీ చొక్కాకి పాయింట్లు ఇవ్వలేను. ఒక పని చేయండి. ఈ గుర్తు సంగతి నేనింకా రాయలేదు. ఆ పక్క కార్లు చూసి వస్తాను. ఈలోగా తుడిచేస్తే, క్లాంపుల పాయింట్లు పోయినా సర్టిఫికెట్ వస్తుంది."

గుడ్డ నా చేతిలోనే ఉంది. పిన్నిగారు మెల్లగా అన్నారు. "తుడిచెయ్యండి పోనీ. ఇన్నేళ్ళు శ్రమ పడ్డారు. ఆ కాగితం తెచ్చుకుందాం."

"అది లేకుండా నాకు ఆ కాగితం దేనికే?"

ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. జడ్జి తిరిగి వచ్చి గుర్తును చూశాడు, ఆయన్ను చూశాడు, రాసుకున్నాడు. పాయింట్లు తగ్గాయి. సర్టిఫికెట్ రాలేదు. ముగ్గురం పులిహోర తిన్నాం.

ఇంటికి వచ్చేటప్పుడు ఆయన మోకాలు నొప్పి పెడుతోందని నేను డ్రైవ్ చేశాను. టర్న్‌పైక్ హైవే మీద ట్రాఫిక్ ఆగి ఆగి కదులుతోంది. క్లచ్ తొక్కీ తొక్కీ నా కాలు కూడా తిమ్మిరెక్కింది. వెనక ఇరుకు సీట్లో పిన్నిగారు నిద్రపోయారు. మాట్లాడటానికి ఏదో ఒకటి ఉండాలని, జడ్జి చెప్పిన తప్పులు వరసగా చదివినట్టు అప్పజెప్పాను. క్లాంపులు, బ్యాటరీ కేబుల్, కుడి తలుపు రబ్బరు.

"క్లాంపులు మార్చు," అన్నారు బాబాయిగారు కళ్ళు మూసుకునే. "కేబులూ మార్చు. ఆ గోడ మాత్రం ముట్టుకోకు."

"వచ్చే శనివారమా?"

"వచ్చే శనివారం పడుకోవోయ్," అన్నారు.