అవతలి గోడ మీద తడి

మా వంటింటి పొగగూడు కారితే తడిసేది మా గోడ కాదు, మా మరిది వాళ్ల గోడ. గొడవంతా అక్కడే మొదలైంది.

మాది బెళుగుప్ప పక్కన ఒక పల్లె. మా మామ కట్టించిన స్లాబు ఇంటిని అన్నదమ్ములిద్దరూ పంచుకున్నప్పుడు నడుమ గోడకున్న తలుపు తీసేసి ఇటుకలతో మూసేశారు. వంటిల్లు మా వాటాకు వచ్చింది. దాని గోడకు అవతల మరిది వాళ్ల పడకగది. పొగగూడు ఆ గోడలోంచే మిద్దె పైకి పోతుంది. గ్యాసు వచ్చి చాలా ఏళ్లయినా సంగటి, స్నానాల నీళ్లు మాకు కట్టెల పొయ్యి మీదే. అందుకే దాన్ని పీకేయాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

పంచాయతీ ఎన్నికల్లో మా ఆయన ఒక పక్క, మరిది ఇంకో పక్క నిలబడ్డారు. ఎన్నికలు అయిపోయినా మాటలు మాత్రం మళ్లీ మొదలు కాలేదు. ఒకరు వీధిలోకి వస్తే ఇంకొకరు లోపలికి పోయేవారు. నేనూ నా తోడికోడలూ కొళాయి దగ్గర ఒకటీ అరా మాట్లాడుకునేవాళ్లం, అంతే. ఆ ఇంట్లో అడుగు పెట్టి నాకు కొన్నేళ్లయింది.

పోయిన ఏడాది ఉత్తర కార్తెలో ఒక పెద్ద వాన పడింది. మర్నాడు కొళాయి దగ్గర ఆమె నెమ్మదిగా అంది.

"అక్కా, మా గోడ పెచ్చులూడతాండాది. మీ పొగగూడు నుంచే దిగుతాండాయి నీళ్లు. మా ఇంటాయన మీకు చెప్పమంటాడు గానీ తాను మాత్రం రాడు."

ఆ మాట మా ఆయనకు చెప్పాను. "వాని గోడ వాడు చూసుకోవాల," అన్నాడు. అన్నాడే గానీ సాయంత్రానికి తానే సిమెంటు కలుపుకొని మిద్దెక్కి, పొగగూడు మొదలు చుట్టూ పూసి వచ్చాడు. తర్వాతి వానకు గోడ మళ్లీ తడిసింది. మళ్లీ పూశాడు. మళ్లీ తడిసింది. మాకు వాన కురిసేదే తక్కువ. కురిసినప్పుడు కారుతుంది, ఆరాక అందరూ మరిచిపోతారు, నెలల తర్వాత ఇంకో వానకు మళ్లీ అదే రచ్చ.

చివరికి ఒకరోజు పొద్దున మరిది మా గడప ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"సిమెంటు పూస్తే సరిపాయనా? యాడ నుంచి దిగుతాండాదో చూడాల గదా!"

అది అరుపే. అయినా అన్నతో అతను నేరుగా మాట్లాడి ఎంతకాలమైందో. మా ఆయన చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టి, "చూడాలంటే వాన పడాల. ఆకాశంలో మబ్బు తునక లేదు, యాడ చూసేది?" అన్నాడు.

"మనమే పోస్తే పోయె," అన్నాను నేను.

ఇద్దరూ నా వైపు చూశారు. మా ఆయనకు ఆ మాట నచ్చినట్టుంది. చీనీతోటలో బత్తాయి చెట్లకు వేసిన డ్రిప్పు పైపులు పగిలితే ఎక్కడ కారుతోందో వెతకడం అతనికి అలవాటే. "పైనుంచి పోస్తే అంతా తడిసి ఏదీ తెలీదు. కింద నుంచి పోసుకుంటూ పోవాల. కొంచెం పోసి, ఆగి, గోడ చూసి, మళ్లీ పైకి," అన్నాడు.

"గోడ ఎవరు చూసేది?" అన్నాడు మరిది.

"నేను పోతాలే," అన్నాను.

అన్నదమ్ములు బిందెలు మోసుకొని మిద్దెక్కారు. నేను చెప్పులు విడిచి ఆ గడప దాటాను. లోపల సున్నం రంగు మారింది. మా అత్త కాలం నాటి మంచం కిటికీ కిందికి జరిగింది. నా తోడికోడలు దుప్పటి సర్ది, "కూచో అక్కా," అంది. పొగగూడు పోయే చోట గోడ మీద మరక నల్లబారి, అంచుల్లో తెల్లగా ఉప్పు పూసినట్టుంది. ఇద్దరం దాని ఎదురుగా మంచం మీద కూర్చున్నాం.

పైన నీళ్లు పోస్తున్న చప్పుడు వినబడుతోంది. ఎదురింటి పెద్దాయన వీధిలోంచి కేకేశాడు. "ఏమప్పా, తాగేకి నీళ్లు లేకుంటే మిద్దెకు తాపుతాండారే!"

మేమిద్దరం నవ్వేశాం. ఆ తర్వాత మాటలు వాటంతట అవే వచ్చాయి. ఆమె మోకాళ్ల నొప్పి గురించి, మా వేరుశనగ ఎండిన సంగతి, బెళుగుప్పలో కొత్తగా తెరిచిన బట్టల అంగడి గురించి. మధ్యమధ్య లేచి ఆమె గోడ మీద అరచెయ్యి ఆనించి చూసేది.

"వదినా, తడిసిందా?" మరిది అరిచాడు.

"లేదు! పొడిగానే ఉండాది!"

"మొదల్లో ఏం లేదప్పా. నా పూత గట్టిగానే ఉండాది," మా ఆయన గొంతు. ఆ గొంతులో కొంచెం గర్వం ఉంది.

తర్వాత పొగగూడు నడుము మీద పోశారు. చాలాసేపు ఏమీ కనబడలేదు. ఇంతలో ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. మరకకు పై అంచున సన్నటి తడి గీత మెరుస్తోంది. చూస్తుండగానే అది కిందికి జారింది.

"కారతాండాది! ఇప్పుడు పోసింది యాడ?" అని అరిచాను.

ఇద్దరం మెట్లెక్కి వెళ్లాం. అన్నదమ్ములు పొగగూడు అవతలి పక్కన వంగి నిలబడి ఉన్నారు. అక్కడే మరిది వాళ్ల టీవీ డిష్ స్టాండు. దాని బోల్టులు ఇటుకల్లోకి దిగిన చోట చుట్టూ చీలికలు. ఒక చీలికలో వేలిగోరు పడుతుంది.

మరిది మొహం ముడుచుకుపోయింది. డిష్ పెట్టించింది తానే. మా ఆయన ఎగతాళి చేస్తాడేమోనని నాకు భయమేసింది. అతను పైకి చెయ్యి చాచి పొగగూడు తల తడిమి, "పైన కూడా చెడిపోయింది చూడు. మూత లేదు, అంచు లేదు. పడిన నీళ్లన్నీ దీని ఒంటి మీదనే దిగుతాండాయి. బోల్టు లేకున్నా ఎప్పుడో ఒకనాడు కారేదే," అన్నాడు.

"స్టాండు తీసేస్తా, అన్నా," అన్నాడు మరిది. అన్నా అన్న ఆ పిలుపు విని నా తోడికోడలు తల పక్కకు తిప్పుకుంది.

పని వారమంతా సాగింది. స్టాండు పిట్టగోడకు మారింది. పొగగూడు లోపలి మసి గీకి దించాం, నా చీర కొంగు దాకా నలుపే. చీలికలను ఉలితో వెడల్పు చేసి, తడి పూర్తిగా ఎండేవరకు వదిలేశారు. ఎండకు మా దగ్గర కరువు లేదు. ఆ తర్వాత నీళ్లు ఇంకని మందు కలిపిన సిమెంటుతో నింపారు. పైన నాలుగు మూలలా ఇటుకలు పేర్చి కడప బండ మూత వేశారు. పొగ పక్కలనుంచి పోతుంది. బండ అన్ని వైపులా బయటికి జరిగి ఉండడంతో చుక్క గోడను తాకకుండా దూరంగా పడుతుంది. ఈ ఏడు మృగశిర రాకముందే ఇద్దరూ మిద్దెక్కి ఎక్కడైనా పగుళ్లున్నాయేమో చూసుకొని వచ్చారు. రాజకీయం సంగతి మాత్రం ఎత్తరు. ఎత్తితే మళ్లీ మొదటికి వస్తుందని ఇద్దరికీ తెలుసు.

వానలకు గోడ తడవలేదు. కానీ మొన్నొకరోజు, చినుకు జాడ లేని పూట, నా తోడికోడలు నేరుగా మా వంటింట్లోకి వచ్చింది.

"అక్కా, గోడ మీద కాఫీ రంగు చార దిగింది. ముట్టుకుంటే జిగట. మసి వాసన!"

పెట్టిన శ్రమంతా పోయిందనుకున్నాను. ఆమె మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని, మండకుండా బుసబుసమంటున్న కట్టెను బయటికి లాగింది. దాని కొసన నురగ కడుతోంది.

"ఇది వాననీళ్లు కాదక్కా. యాడ తెచ్చినారు ఈ తుమ్మకట్టెలు? పచ్చివి. పొగలో తడి పైకి పోయి, చల్లబడి గోడలో ఇంకుతాండాది."

నేను జవాబు చెప్పేలోపే మూలనున్న కట్టెల మోపును చంకకెత్తుకుంది. "మా పెరట్లో ఎండ బాగా పడతాది. ఆడ పరిచి ఆరేస్తా. అంతవరకు మా కందికట్టె వాడుకో," అంటూ వెనక వాకిలి గుండా వెళ్లిపోయింది.