బొండం నీళ్ళలో నానిన లెన్సు

పదేళ్ళు దాటింది, ఒక మాట నా గుండెల మీద కూచుని దిగడం లేదు. ఇంట్లోవాళ్ళకి చెప్పలేను. మీరు మా బంధువులు కారు కనక మీకు చెబుతున్నాను. నవ్వుకోండి, పర్లేదు.

అప్పుడు నేను అమలాపురంలో ఇంటర్ చదువుతున్నాను. నిశ్చితార్థానికి కళ్ళజోడుతో కూచోనని అక్క పట్టుబట్టి మెత్తటి కాంటాక్టు లెన్సులు కొనుక్కుంది. కళ్ళజోళ్ళ షాపాయన అవి కొత్తగా తెప్పిస్తున్నారు. "కుళాయి నీళ్ళు మాత్రం తగలనివ్వకండమ్మా" అని పదిసార్లు చెప్పారు.

ముందురోజు అక్క గాజులకి వెళ్ళగానే డబ్బీ తెరిచాను. ఎందుకంటారా? ఊరికే, చూద్దామని. కుడికంటి లెన్సు వేలికి అంటుకొచ్చి ఎక్కడో పడింది. కంగారులో డబ్బీలో లెన్సులు నానబెట్టే మందూ ఒలికింది. గంట వెతికితే కిటికీ గట్టు మీద దొరికింది, ఎండిపోయి చేప పొలుసులా. మందు సీసా అక్క బీరువాలో, తాళంలో ఉంది.

కుళాయి నీళ్ళు కూడదు. మరేం చెయ్యను? కోనసీమ బుర్ర కదా! మాకు జ్వరమొచ్చినా బొండమే, కళ్ళు మండినా బొండమే. చెయ్యి తగలని నీళ్ళు అంతకంటే ఏమున్నాయి? లేత బొండం కొట్టించి లెన్సు అందులో వేశాను. ఎంత మెత్తబడిందో, ఎంత నిగనిగలాడిందో! నేనే కళ్ళ డాక్టరునైనట్టు పొంగిపోయి, ఆ నీళ్ళతోనే డబ్బీలో పెట్టేశాను.

మర్నాడు పీటల మీద అక్క కుడికన్ను చింతనిప్పైంది. ఫోటోలన్నిటిలోనూ బావగారికి కన్ను కొడుతున్నట్టే ఉంటుంది. బావగారు మురిసిపోయారు. నాన్న మాత్రం ఆ సాయంత్రమే మా ఇద్దర్నీ షాపుకి లాక్కెళ్ళారు.

షాపాయన లెన్సుని దీపం కింద పెట్టి చూశారు. "పైన ఏదో జిగురు పట్టేసిందండి. ఇది స్పాంజి లాంటిదండి, దేంట్లో వేస్తే అది తాగేస్తది. దేంట్లో నానబెట్టేరమ్మా?"

"మీరిచ్చిన మందులోనేనండి!" అంది అక్క.

ఆయన నావైపు చూశారు. నేను క్యాలెండరు చూశాను.

"ఆయ్, అయితే తప్పు నాదేనండి. సరుకులోనే తేడా ఉండుంటది."

"బొండమండి" అంటే సరిపోయేది. ఎందుకనలేదు? నాన్న కొడతారనా? ఆయన చెయ్యెత్తే మనిషి కాదు. చుట్టాలంతా పెళ్ళిదాకా ఇదే చెప్పుకుని నవ్వుతారని, ఆ సిగ్గుకి జడిసి, ఒక పెద్దమనిషి మంచిపేరు పోతుంటే చూస్తూ నిలబడ్డాను. అక్క కన్ను వారంలో తేరుకుంది. నాన్న నోరు మాత్రం తేరుకోలేదు, కొత్తపేట దాకా ఆ షాపాయన లెన్సుల సంగతి చాటారు.

పోయిన నెల నాకూ సైటొచ్చి ఆ షాపుకే వెళ్ళాను. ఆయన నన్ను పోల్చుకోలేదు. ఎలాగైనా చెప్పేయాలని, "లెన్సులున్నాయాండి?" అని మొదలుపెట్టాను.

"ఆ పని మానేసేనమ్మా. నా చేత్తో ఒక ఆడపిల్ల కన్ను పాడుచేసేను. పెళ్ళికూతురండి, పాపం. ఇప్పుడు చూపెలా ఉందో ఏంటో!"

బాగుందండి, సూదిలో దారం ఎక్కిస్తోందండి! నాలుక చివరిదాకా వచ్చింది. "ఆయ్" అన్నాను, అంతే. సిగ్గులేని దాన్ని, కళ్ళజోడు తీసుకుని వచ్చేశాను.

ఇదిగో, మీకు చెప్పేశాక కాస్త ఊపిరాడుతోంది. ఆయనింకా ఆ పిల్ల చూపు గురించి బెంగపడుతూనే ఉండుంటారు.