ఆ ఒక్క రాత్రి ఆతిథ్యం

మా సంఘ పెద్ద మీద నాకింకా కోపం చల్లారలేదు. నా మీద నాకున్న కోపం అంతకంటే ఎక్కువ.

ఎనభైల్లో సన్నీవేల్‌లో మా తెలుగు సంఘం ఒక అమెరికన్ చర్చి హాలులో ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన జరుపుకునేది. పాటలెత్తే ఒకాయన్ని అందరం అన్నయ్య అనేవాళ్ళం. కంప్యూటర్ చిప్పుల కంపెనీలో ఉద్యోగం ఊడి, అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి, ఆ చర్చి పార్కింగ్‌లోనే కారులో పడుకుంటున్నాడు. ఆదివారం మాత్రం ఇస్త్రీ చొక్కాతో వచ్చేవాడు. రాత్రిళ్ళు ఎలా గడుస్తున్నాయని ఒక్కరూ అడగలేదు. అడిగితే ఇంటికి రమ్మనాలి కదా!

చలికాలానికి ముందు, ఊళ్ళో నిలువ నీడ లేనివాళ్ళను ఒక రాత్రి వీధి వీధీ తిరిగి లెక్కపెట్టడానికి సిటీవాళ్ళు మనుషులు కావాలన్నారు. పేరిచ్చాను. చర్చి వీధి నా వంతుకు వచ్చింది. పార్కింగ్‌లో ఒక్కరున్నట్టు తేలినా చలికాలమంతా రాత్రిళ్ళు హాలు తెరిచి ఉంచుతామని చర్చివాళ్ళు మాటిచ్చారు. అన్నయ్యకు చోటు దొరికినట్టేనని సంబరపడ్డాను.

సంగతి తెలిసి సంఘ పెద్ద ఫోన్ చేశారు.

“చూడమ్మా, మనవాళ్ళు కార్లలో పడుకుంటున్నారని రిపోర్ట్‌లోకి ఎక్కితే మన పరువేం కావాలి? ఆ ఒక్క రాత్రీ బ్రదర్‌ని మీ ఇంటికి డిన్నర్‌కి పిలిచి, అక్కడే ఉంచెయ్యి.”

“లెక్క తప్పవుతుందండీ.”

“తప్పేముంది? ఇంట్లో ఉన్న మనిషిని వీధిలో ఉన్నట్టు రాస్తావా?”

లెక్క రోజు రాత్రి అన్నయ్యను ఇంటికి పిలిచాను. చేపల పులుసు వండాను. అన్నయ్య ఏమీ తెలియక కడుపునిండా తిని, సోఫాలో కాళ్ళు చాపుకుని నిద్రపోయాడు. తెల్లవారుజామున ఆయన్ని అలాగే వదిలి, టార్చి పట్టుకుని వెళ్ళి, ఖాళీ పార్కింగ్ చూసి, ఎవరూ లేరని రాశాను. ఎంత నిజాయితీగా రాశానో! పొద్దున్నే ఆయన మా ఇంటి ముందున్న కారెక్కి వెళ్ళిపోతుంటే ఉండిపొమ్మని అనలేదు.

హాలు తెరవలేదు. ఎవరూ లేనప్పుడు ఎవరికోసం తెరుస్తారు? పెద్దగారు మాత్రం ఆరాధనలో నా ఆతిథ్యాన్ని మెచ్చుకుని, నాకోసం స్తోత్రాలు చెప్పించారు. సిగ్గులేకుండా తల వంచుకుని విన్నాను.

డిసెంబరు వానలో దుప్పటి పట్టుకుని వెళ్ళాను. తాళం వేసిన హాలు ఎదుట అన్నయ్య కారు అద్దం దించాడు.

“లెక్క రాసింది నువ్వేనటగా చెల్లెమ్మా. నన్ను కూడా రాశావు కదూ?”

“రాశాను అన్నయ్యా.”

“అయితే రేపో మాపో తెరుస్తారులే,” అంటూ దుప్పటి అందుకున్నాడు.