జాక్సన్ పేరు చెప్పని పాపం

మా చర్చిలో జాక్సన్ ఏడ్చినంత బాగా ఎవరూ ఏడవలేరు. ఎగతాళికి అనడం లేదు. సాక్ష్యాల సమయం రాగానే లేచేవాడు, మైకు అందుకునేవాడు, "నేను పాపిని, నా అంత పాపి ఈ విశాఖపట్నంలోనే లేడు" అని మొదలుపెట్టేవాడు. అంతలోనే గొంతు పూడుకుపోయేది. ఆడవాళ్ళ వైపు కొంగులు కళ్ళ మీదికి వెళ్ళేవి. పాస్టరు అయ్యగారు వచ్చి భుజం తట్టి కూర్చోబెట్టేవారు. రెండేళ్ళు ఇదే వరస. ఆ పాపం ఏమిటో మాత్రం ఎవరికీ తెలీదు.

నాకు అక్కడే తేడా కొట్టింది. నా పేరు శుభాకర్. ఆర్టీసీలో ఇరవై తొమ్మిదేళ్ళు కండక్టరుగా చేసి మద్దిలపాలెం డిపోలో రిటైరయ్యాను. టికెట్ తియ్యనివాళ్ళలో ఒక రకం కిటికీకి తల ఆనించి నిద్ర నటిస్తారు. ఇంకో రకం మనం అడక్కముందే తమ కష్టాలు ఏకరువు పెడతారు. జాక్సన్ నాకు ఈ రెండో రకంలా కనిపించాడు. "దేవదూత దిగొచ్చినా మీరు గుర్తింపు కార్డు అడుగుతారు" అంటుంది మా ఆవిడ మిరియం. అడుగుతాను. చూపిస్తే ఆయన రెక్కలేమైనా ఊడిపోతాయా?

అలాగని అతని మీద చెడ్డ మాట చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నలభై నాలుగేళ్ళ మనిషి. తండ్రి హార్బరులో మూటలు మోసేవాడు. జాక్సన్ చదువు అబ్బక క్రేన్లకి గ్రీజు పూసే పనిలో చేరి, పాతికేళ్ళు వచ్చేసరికి క్రేన్ నడిపే కేబిన్‌లో కూర్చున్నాడు. గాజువాక పక్కన ఒక ప్రైవేటు ఇనుప యార్డులో ఉద్యోగం. భార్య జయశీల, ఇద్దరు ఆడపిల్లలు. క్రిస్మస్‌కి చర్చి శిఖరం మీద నక్షత్రం కట్టేది అతనే. ఎవరింట చావు జరిగినా ముందు వెళ్ళి కుర్చీలు వేసేదీ అతనే. ఇంత మంచివాడు అంతలేసి ఏడుపులు ఎందుకు ఏడుస్తున్నాడన్నదే నా అనుమానం.

ఈ ఏడాది అతన్ని సంఘ పెద్దగా తీసుకుందామని అయ్యగారు అన్నారు. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. కొత్త పెద్దని తీసుకునేముందు పాత పెద్దలందరూ సరేననాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే కమిటీలో గుసగుసలాడకూడదు, ఆ మనిషి ముఖం మీదే చెప్పాలి. అది తేలేదాకా ఆ అభ్యంతరం పెట్టినవాడు ప్రభు బల్లలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోకూడదు. అలా పెడితేనే జనం ఊరికే మాట విసరరని మా పాతవాళ్ళ ఉద్దేశం. పెద్దల్లో ఒకణ్ణైన నేను అభ్యంతరం ఉందన్నాను. ఏమిటన్నారు. ఇంకా తెలీదన్నాను. అందరూ నవ్వారు. మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం నా ముందు నుంచి వెళ్ళిపోతే చేతులు కట్టుకుని కూర్చున్నాను. జనం జాక్సన్‌ని వదిలేసి నా వైపు అనుమానంగా చూశారు.

నాకు రోషం వచ్చింది. జాక్సన్‌కి మంగళవారం సెలవు. ప్రతి మంగళవారం సంచి పట్టుకుని భీమిలి బస్సెక్కుతాడని డిపోలో నా పాత స్నేహితుడు చెప్పాడు. భీమిలిలో అతనికి చుట్టాలెవరూ లేరు. ఇక చూసుకోండి, నా బుర్ర ఎటు పోవాలో అటే పోయింది. ఆ మంగళవారం మంకీ క్యాప్ పెట్టుకుని అదే బస్సులో వెనక సీట్లో కూర్చున్నాను. మే నెలలో మంకీ క్యాప్ పెట్టుకున్నవాణ్ణి బస్సంతా తిరిగి చూసింది గానీ జాక్సన్ మాత్రం చూడలేదు.

భీమిలిలో దిగి, రెండు సందులు తిరిగి, ఒక రేకుల ఇంటి ముందు ఆగాడు. ఒకావిడ తలుపు తీసి, "ఒచ్చీసినావా అన్నా" అని నవ్వుతూ సంచి అందుకుంది. దొరికావురా అనుకున్నాను. అంతలో లోపలి నుంచి ఒక ముసలాయన వచ్చి జాక్సన్ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. గంటసేపు వేపచెట్టు కింద నిలబడి చెమటలు కక్కి, ఏమీ అంతుబట్టక ఇంటికొచ్చాను.

మర్నాడు ఒక్కణ్ణే వెళ్ళాను. జాక్సన్ చర్చివాణ్ణని చెప్పగానే మంచం వాల్చారు. ఆయన నీలకంఠం, ఆమె ఆయన భార్య అసిరమ్మ. నీలకంఠం అదే యార్డులో ఖలాసీ. క్రేన్‌కి లోడు కట్టడం, కింద నిలబడి చేతి సైగలతో ఎత్తు, తిప్పు, దింపు అని ఆపరేటరుకి చెప్పడం ఆయన పని. జాక్సన్‌కి ఆ సైగలు నేర్పింది కూడా ఆయనే.

"ఇప్పుడు చెయ్యడం లేదా?" అని అడిగాను.

"ఏ మొకం ఎట్టుకుని సేత్తాను బాబూ? ఒక మనిసిని సంపీసినాను" అన్నాడు ఆయన.

ఏడేళ్ళ క్రితం సంగతి. జాక్సన్ క్రేన్‌తో ఇనుప దూలాన్ని తిప్పుతుంటే కోటి అనే కుర్రకూలీ దాని దారిలోకి వచ్చాడు. కోటి ఈ భీమిలివాడే, పనిలో పెట్టించింది కూడా నీలకంఠమే. ఆపమని ఈయన సైగ చేశాడు. క్రేన్ ఆగలేదు. కోటి అక్కడికక్కడే పోయాడు. సైగ ఆలస్యంగా వచ్చిందని విచారణలో తేల్చి, ఈయన్ని తీసేశారు.

"ఆలస్యమైందా మరి?"

ఆయన లేచి నిలబడి కుడిచెయ్యి చాచాడు. అరచెయ్యి కిందికి పెట్టి అడ్డంగా ఊపాడు. "ఇదీ ఆపు అనడం. కోటిగాడి సెప్పు ఊడిపోనాది. ఆడు ఒంగుని ఏసుకుంటన్నాడు. అది సూసే నాను సెయ్యెత్తినాను. టైముకే ఎత్తినాను అనుకున్నాను. గానీ లేటయిందని జాక్సన్ సెప్పినాడు. ఆడు నా సేతికింద పెరిగినోడు, అబద్ధం ఆడతాడేటి? నా సెయ్యే లేటయిపోనాది."

"ఏడేల్లయినా నిద్దట్లో ఆ సెయ్యి ఎత్తుతునే ఉంటాడు" అంది అసిరమ్మ. "జాక్సనన్న దేవుడులాటోడు. వారంవారం ఒచ్చి, బాధపడకు మావా, ఎంత తప్పైనా దేవుడు చమిత్తాడు అని సెప్పి ఎల్తాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. వంగి చెప్పు వేసుకోవడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. ఫుట్‌బోర్డు మీద చెప్పు జారినవాడి కోసం ఎన్నిసార్లు విజిల్ ఊది బస్సు ఆపించలేదు? ఆ లోపల బస్సే ఆగుతుంది. పైన కూర్చున్నవాడు కిందికి చూస్తూ ఉంటే క్రేన్ ఆగదా?

గురువారం చర్చి ఆవరణలో జాక్సన్ మైకు వైరుకి టేపు చుడుతున్నాడు. ఎదురుగా కూర్చున్నాను.

"కోటి పోయిన రోజు నువ్వెటు చూస్తున్నావు?"

టేపు చేతిలోనే ఆగిపోయింది. "ఫోన్లో మేచ్ సూత్తన్నానన్నా. ఒల్లో ఎట్టుకుని. తలెత్తేసరికి మావ సెయ్యి ఊపుతునే ఉన్నాడు. అప్పటికే అయిపోనాది. సైగ లేటని సెప్పీసాను. పిల్లలు సిన్నోలు. బయమేసినాది."

"మరి చర్చిలో ఆ ఏడుపు దేనికి?"

"దేవుడి దగ్గర ఒప్పుకున్నాను. రోజూ ఒప్పుకుంటన్నాను."

"దేవుడికి ముందే తెలుసు. తెలియనిది నీలకంఠానికి. నీ పాపాన్ని ఆయన నెత్తిన పెట్టి, పైగా దేవుడు క్షమిస్తాడని ఆయనకే ప్రసంగం చేస్తావా? సిగ్గుండాలి! తప్పు బస్సెక్కినవాడు సీట్లో కూర్చుని ఎంత ఏడ్చినా బస్సు అటే పోతుంది. దిగాలి. మారుమనస్సంటే అది. అయ్యగారు ఏటా చెప్తారు, నువ్వు వినవు."

"సెప్తే ఉజ్జోగం పోద్ది. కేసు తిరగదోడితే జైలు."

"పోవచ్చు" అన్నాను. అనడం నాకు సులువే, పోయేవి నావి కావు కదా. "నేనే వెళ్ళి చెప్పగలను. కానీ నేను చెబితే అది చాడీ అవుతుంది. మంగళవారం దాకా చూస్తాను."

అతను వస్తాడని నాకు నమ్మకం లేదు. ఆ నాలుగు రోజులూ అతను పారిపోతాడనే అనుకున్నాను. మంగళవారం బస్టాండులో నాకంటే ముందే నిలబడి ఉన్నాడు. చేతిలో సంచి లేదు. జయశీలకి రాత్రే చెప్పేశానన్నాడు. అది కూడా నేను పూర్తిగా నమ్మలేదు.

నీలకంఠం ఇంటి అరుగు ముందు నిలబడి చెప్పాడు. మొదటిసారి గొంతు పూడుకుపోయింది. నేను వెనక నుంచి వీపు మీద గట్టిగా ఒకటి చరిచాను. రెండోసారి మాట బయటకొచ్చింది. "నీ సెయ్యి లేటవనేదు మావా. నాను ఫోను సూత్తన్నాను. నువ్వు లేటని అబద్ధమాడాను."

నీలకంఠం కొడతాడనుకున్నాను. క్షమిస్తాడేమో అని కూడా అనుకున్నాను. ఆయన రెండూ చెయ్యలేదు.

"అయితే నాను టైముకే ఎత్తినానా?"

"టైముకే ఎత్తినావు."

"మల్లీ సెప్పు."

మళ్ళీ చెప్పాడు. అసిరమ్మని పిలిచి ఆమె ఎదుట ఇంకోసారి చెప్పించాడు. తర్వాత లోపలికెళ్ళి చొక్కా తొడుక్కొచ్చాడు. "పద. సీతాలు దగ్గర సెప్పాల."

సీతాలు కోటి తల్లి. కొడుకు పాడె నీలకంఠాన్ని ముట్టనివ్వలేదట, పిడికెడు మన్ను తీసి మొహాన కొట్టిందట. ఏడేళ్ళుగా ఆ వీధి వైపు వెళ్ళలేక ఆయన చుట్టు తిరిగి సముద్రానికి వెళ్తున్నాడు. ఆ రోజు మాత్రం మా ఇద్దరి కంటే ముందు నడిచాడు.

ఆమె ఇంటి ముందు ఎండు చేపలు తిరగేస్తోంది. నీలకంఠాన్ని చూసి మొహం తిప్పుకుంది. జాక్సన్ ఆమె ఎదుట నిలబడ్డాడు. "అమ్మా, నీ కొడుకు నా వల్ల పోయినాడు. మావ ఆపమన్నాడు. నాను సూడనేదు. నేరం మావ మీదకి తోసీసినాను."

ఆమె చేపలు వదిలేసి లేచింది. తర్వాత అతన్ని దాటుకుని నీలకంఠం దగ్గరకొచ్చింది. "తమ్ముడా, నీ మొకాన మన్ను కొట్టినాను. నాదే తప్పు" అంది. ఆయన కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుంది. నీలకంఠం భోరున ఏడ్చాడు. నాకూ ఆగలేదు. ఏ ఆదివారమూ ఆవిడ చర్చి గడప తొక్కి ఉండదు, ఏ అయ్యగారూ ఆవిడకి ఈ పాఠం చెప్పి ఉండరు. తప్పు తెలిసిన మరుక్షణం ఒప్పేసుకుంది. నేను సిగ్గుపడ్డాను.

నీలకంఠాన్ని లోపలికి తీసుకెళ్తూ గుమ్మంలో ఆగి జాక్సన్‌తో అంది, "నీతో మాటాడాల. ఇప్పుడు నోరు రాట్నేదు. అక్కడే ఉండు."

జాక్సన్ ఆ ఎండలోనే నిలబడ్డాడు. నేను గోడ నీడలో కూర్చుని, ఎప్పుడు జారుకుంటాడా అని చూస్తున్నాను. అరగంట గడిచింది. లోపలి నుంచి ఎవరూ రాలేదు. వీధి చివర బస్సు వచ్చి ఆగింది. కావాలనే అతనికి వినిపించేలా, "మన బస్సొచ్చింది, మళ్ళీ గంట దాకా లేదు" అన్నాను.

అతను తల తిప్పలేదు.

"నువ్వెల్లన్నా" అన్నాడు. "ఆవిడ ఉండమన్నాది."