కాసుకో రొట్టె

రొట్టెల కొట్టు కాసమ్మకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఏదో ఉండేది. అది ఇప్పుడు ఆమెకే గుర్తు లేదని కోడలి అనుమానం. కాసమ్మ అనే పేరు ఎందుకొచ్చిందో మాత్రం కొట్టులో అడుగుపెట్టినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. బల్ల వెనక గోడకు వరసగా మేకులు, మేకులకు రొట్టె అచ్చులు. ఎడమ చివర ఉన్నది ఇనపది, భోజనం పళ్లెమంత వెడల్పు. దాని పక్కది కాస్త చిన్నది, ఆ పక్కది ఇంకాస్త చిన్నది. అలా కుడివైపుకు నడిస్తే గిన్నెంత, నారింజంత, నిమ్మకాయంత అవుతూ ఆఖరి మేకు దగ్గర రేగిపండంత రేకు అచ్చు కనిపిస్తుంది. వీటన్నిటి పైన ఒకటే పలక: "కాసు రొట్టె, ఒక కాసు." అచ్చులు మారాయి గాని పలక మారలేదు. అదే ఆ ఇంటి గొప్ప, ఆ ఇంటి మొండితనం కూడా.

కొట్టులో మిగతా రొట్టెలు అందరి కొట్లలో లాంటివే. వాటి ధరలు నల్లపలక మీద సుద్దతో రాస్తారు, పిండి ధర పెరిగితే చెరిపి మళ్లీ రాస్తారు. దానికెవరూ ఏడవరు, నాలుగు తిట్లు తిట్టి కొనుక్కుపోతారు. కాసు రొట్టె సంగతి వేరు. దాని వెనక ఒక మాట ఉంది.

ఎన్నో తరాల కిందట ఆ బట్టీ మొదటిసారి వెలిగించిన ఇల్లాలు, అంటే ఆ ఇంటి అత్తలందరికీ ఆది అత్త, పక్క కొట్టువాడు ఒక పిల్లను తరమడం చూసిందట. పిల్ల గుప్పిట్లో ఒక్క కాసు ఉంది. వాడు రెండు కాసులకు తక్కువ రొట్టె లేదు పొమ్మన్నాడు. ఆవిడకు ఒళ్లు మండి ఆ పిల్లను పిలిచి కాసు తీసుకుని పళ్లెమంత రొట్టె ఇచ్చింది. "కాసు తెచ్చిన పిల్ల బేరానికొచ్చింది, బిచ్చానికి కాదు. ఈ కొట్లో లేదనీ అనకూడదు, ఊరికే ఇచ్చి చిన్నబుచ్చనూ కూడదు. నష్టానికి అమ్మితే అదీ బిచ్చమే," అని కోడలికి చెప్పింది. కోడలు తన కోడలికి చెప్పింది.

చెప్పడం తేలికే. నిలబడాల్సింది కాసు కదా! రాజుగారికి యుద్ధం మీద మోజు పుట్టి రాగిలో సీసం కలిపించాడు. ఆయన కొడుక్కి మేడల మీద మోజు, కాసు అంచులు కొంచెం కోయించాడు. తరం తరానికి కాసు మీద రాజుగారి బొమ్మ బలిసింది, కాసు చిక్కిపోయింది. రాజులు పోయి సర్కార్లు వచ్చాక బొమ్మలు మారాయి, చిక్కిపోవడం మారలేదు. ఇప్పటి కాసు నీళ్లలో వేస్తే తేలుతుంది. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని మనవాళ్లు అంటారు. ఆ మాట పుట్టిన రోజుల్లో వెయ్యికి నిజంగా ఏనుగు వచ్చి ఉంటుంది. ఇవాళ వెయ్యి పట్టుకెళ్తే ఏనుగు తోక వెంట్రుక కూడా ఇవ్వరు.

కాసు చిక్కినప్పుడల్లా ఆ ఇంటి కోడళ్లు చేసిన పని ఒకటే. ధర ముట్టుకోలేదు, రేకుల పనివాడి దగ్గరికి వెళ్లి కొంచెం చిన్న అచ్చు చేయించుకొచ్చారు. మాట దక్కింది, నష్టమూ తప్పింది. కాసమ్మ అత్తగారైతే ఒకే ఏడాదిలో మూడు అచ్చులు చేయించింది. సర్కారు నోట్లు అచ్చేసి బండ్లకెత్తిన ఏడాది అది. పొద్దున జీతం అందుకున్నవాళ్లు మధ్యాహ్నానికే పరుగెత్తుకొచ్చి రొట్టెలు కొనేవాళ్లు, సాయంత్రమైతే ఆ డబ్బుకు సగం రొట్టె కూడా రాదని. ఆ ఏడాది ఊళ్లో బాగుపడింది రేకుల పనివాడొక్కడే.

ఆ మరుసటి ఏడాదే కాసమ్మ కొత్త కోడలిగా వచ్చింది. బొద్దుగా, ఎప్పుడూ ఆకలిగా ఉండే పిల్ల. అత్తగారు ఆమెను గోడ ముందు నిలబెట్టి, "ఇది మా అత్తది, ఇది ఆవిడ అత్తది," అంటూ ఒక్కో అచ్చూ చూపించింది. నగలు చూపిస్తుందనుకున్న పిల్ల ముఖం చిన్నబోయింది. తర్వాత తర్వాత ఆ అచ్చులే ఆమెకు నగలకంటే ఎక్కువయ్యాయి. వారానికోసారి దించి నూనె గుడ్డతో తుడిచేది. భర్త పోయిన నెలలో కూడా తుడవడం మానలేదు. పోయేముందు అత్తగారు చెయ్యి పట్టుకుని, "కాసు రొట్టె నీ చేతుల్లో పోకూడదే," అంది. మరో మాట అనకుండానే కన్నుమూసింది.

కాసమ్మకు నోరు పెద్ద. పిండి బస్తా తడిపిన లారీవాడిని వాడి వంశం మొత్తం గుర్తొచ్చేలా తిడుతుంది, వాడు వెళ్లేటప్పుడు సంచిలో రెండు రొట్టెలు పడేస్తుంది. ధరల మీద ఎవరైనా గోలపెడితే పైకి చూపిస్తుంది. "మా కొట్లో ధర పెరగలేదు నాయనా, చూడు. కాసుకో రొట్టె, ఇప్పటికీ." వాళ్లు ఆ రేగిపండంత రొట్టె వంక చూసి నవ్వు ఆపుకుంటారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని బయటికెళ్లాక అనుకుంటారు. ఎదుట అనే ధైర్యం ఎవరికుంది?

ఈ ఏడు పిండి ధర మళ్లీ ఎగిరింది. రేగిపండంత రొట్టె కూడా కాసుకు గిట్టదని కోడలు వేళ్ల మీద లెక్క చెప్పింది. కాసమ్మ ఆఖరి అచ్చు కొంగున కట్టుకుని రేకుల మేస్త్రి దగ్గరికి వెళ్లింది. ఆ గోడ మీది అచ్చుల్లో సగం అతని తాతముత్తాతలు చేసినవే.

మేస్త్రి అచ్చును బొటనవేలి మీద పెట్టి చూశాడు. "వదినా, దీనికంటే చిన్నదంటే బఠాణీ గింజంత అవుతుంది. అది రొట్టె కాదు, పురుగులు తినే గింజ."

"నీకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకా? చెయ్యమన్నది చెయ్యి."

"చేస్తాలే. మరి దీని తర్వాత అచ్చు ఏది? నువ్వు సూదిమొన ఇస్తే సూదిమొనంత చెయ్యగలను. దాన్లో పిండి పెట్టేదెవరు?"

కాసమ్మ కొత్త అచ్చు చేయించుకునే కదిలింది. దారి పొడుగునా ఆ మాటే నమిలింది. ధర పెంచితే అత్తకిచ్చిన మాట పోతుంది, అచ్చు తగ్గిస్తే రొట్టె పోతుంది. ఇన్ని తరాలు నెగ్గుకొచ్చినవాళ్లలో ఓడిపోయేది తనేనా? అడకత్తెరలో పోకచెక్కలా ఉంది ఆమె పని.

కొత్త అచ్చుతో మొదటి వాయి మాడి నల్ల మిరియాలయ్యింది. రెండో వాయి తొందరగా తీస్తే పచ్చిగా ఉంది. మూడో వాయి మీద కాసమ్మ బట్టీ నోటి దగ్గర కూర్చుని, చూపు తిప్పకుండా కాపలా కాసి, పొడుగు చెక్కతో సరిగ్గా సమయానికి లాగింది. బఠాణీలంత రొట్టెలు, ఎర్రగా, ముద్దుగా వచ్చాయి. గిన్నెలో పోస్తే గలగలమన్నాయి.

కోడలికి మొదట నవ్వొచ్చింది. అత్తగారి చెమట పట్టిన ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది. "అత్తయ్యా, నా మాట వినండి. పలక దించేద్దాం. ఎవరూ ఏమీ అనుకోరు."

"నువ్వు కొట్టు చేతికి తీసుకున్నాక దించుకో. నేనుండగా కాదు." తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మరి.

ఆ పూటే ఒక పిల్ల వచ్చింది. వెనక వీధి గోదాముల్లో బస్తాలు కుట్టే ఆవిడ కూతురు, బల్ల పైకి ముక్కు వరకే అందుతుంది. గుప్పిట విప్పి కాసు బల్ల మీద పెట్టింది. గుప్పిట్లోనే ఉండి ఉండి అది వెచ్చగా ఉంది.

"అమ్మ కాసు రొట్టె తెచ్చుకోమంది. మధ్యాహ్నం అదే తినమంది. చిన్నప్పుడు అమ్మ కూడా ఇక్కడే కొనుక్కునేదట."

కాసమ్మ ముఖం వికసించింది. చూశావా అన్నట్టు కోడలి వంక చూసి, గిన్నెలోంచి అన్నిట్లోకీ అందమైన గింజను ఏరి, శుభ్రమైన కాగితం మీద పెట్టి అందించింది. పిల్ల దాన్ని నోట్లో వేసుకుని కళ్లు మూసుకుని నమిలింది. నమలడానికి ఎంతసేపు పడుతుంది?

"చాలా బాగుంది అవ్వా," అంది. కాగితం మడిచి బల్ల మీద పెట్టి, రెండు చేతులూ చాపి నిలబడింది. "ఇక రొట్టె ఇవ్వు."

పిల్ల వెక్కిరించడం లేదు. రుచి చూడమని ముందు చిన్న ముక్క ఇచ్చారనుకుంది, అంతే. చాపిన చేతులు అలాగే ఉన్నాయి, ఎంత పెద్ద రొట్టె అయినా పట్టేటట్టు.

కాసమ్మ తలెత్తి గోడ మీది అచ్చుల వరస చూసింది. ఇన్ని తరాలుగా తాము కాపాడింది ఏమిటి? పలక మీది అంకెను. ఆది అత్త ఇచ్చింది అంకె కాదు, ఒక పిల్ల కడుపు నిండే రొట్టె. అది మేకు మేకుకూ కొంచెం కొంచెంగా జారిపోతుంటే తామంతా ధర పెరగలేదని చంకలు గుద్దుకున్నారు. ఆమె కళ్లనిండా నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

"కూర్చోవే తల్లీ," అంది పిండి బస్తా చూపించి. "రొట్టె కాలాలి. అందాకా ఇవి నములు." గిన్నె మొత్తం ఆ పిల్ల ఒళ్లో పెట్టింది. స్టూలు లాక్కుని ఎక్కి ఎడమ చివరి మేకు నుంచి ఇనప అచ్చు దించింది.

"అత్తయ్యా! అది..."

"తెలుసు. నూనె ఇలా తే."

పొంగిన పిండి సిద్ధంగానే ఉంది. ఎవరి హయాంలో చల్లారిందో తెలియని ఆ అచ్చు మళ్లీ బట్టీలోకి వెళ్లింది. కోడలు గుసగుసగా అంది, "ఆ అచ్చు రొట్టె రెండు వందల కాసులు పడుతుంది. ఊరికే ఇవ్వకూడదని, నష్టానికి అమ్మకూడదని మీరే అంటారు కదా?"

"ఊరికే ఎవరిస్తారు?"

రొట్టె బయటికొచ్చింది. కాసమ్మ దాన్ని గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టి, పిల్ల ఇచ్చిన కాసును పైకెత్తి చూపించింది. "ఇదిగో, ఇది బయానా. బయానా అంటే తెలుసా? బేరం కుదిరిందని ముందుగా చేతిలో పెట్టే డబ్బు. ఇక ఈ రొట్టె నీది. మిగతా నూట తొంభై తొమ్మిది కాసులు నువ్వు పెద్దదానివై సంపాదించాక తెచ్చి ఇవ్వాలి. ఎగ్గొట్టకూడదు."

పిల్ల బాగా ఆలోచించింది. "సరే," అంది గట్టిగా.

కోడలు ఆపుకోలేకపోయింది. "అది పెద్దయ్యేసరికి నూట తొంభై తొమ్మిది కాసులకు ఏమొస్తుంది అత్తయ్యా?"

"ఏమొస్తుంది? రేగిపండంత రొట్టె వస్తుంది. అప్పుడు ఈ పిల్ల చిల్లర డబ్బుల్లోంచి తీర్చిపారేస్తుంది." కాసమ్మ కళ్లు తుడుచుకుని నవ్వింది. "ఆ కాసు అరిగి అరిగి ఇన్నాళ్లూ పిల్లల నోటి దగ్గరది లాక్కుంది. ఈ ఒక్కసారి పిల్ల పక్షాన అరగనీ."

కోడలు అటు తిరిగి సుద్దముక్క తీసుకుని, నల్లపలక మీద మిగతా రొట్టెలన్నిటికీ తలా ఒక కాసు కలిపి రాసింది. రోజుకు రెండు వందల పైచిలుకు రొట్టెలు అమ్ముడవుతాయని ఆమెకు తెలుసు. ఒక్క కాసు తేడాను ఎవరూ పట్టించుకోరనీ తెలుసు. ఊగే బల్ల కాలు కింద పెట్టుకోవడానికి తప్ప దాన్నెవరు తలుచుకుంటున్నారు గనక!

"నష్టం లేదు," అంది సుద్ద దులుపుకుంటూ. "మీ అత్తగారికిచ్చిన మాట కూడా పోలేదు."

"పోయింది ఎప్పుడో పోయిందే. ఎవరి చేతుల్లో పోయిందో మాకెవరికీ తెలియలేదు. తిరిగొచ్చింది మాత్రం నా చేతుల్లో." కాసమ్మ బఠాణీ అచ్చును తీసి పిల్ల జేబులో వేసింది, మట్టితో ఆడుకోమని.

పిల్ల రొట్టెను రెండు చేతులా పొదివి పట్టుకుంది. వేడికి గడ్డం పైకెత్తి నడుస్తోంది, ముందు మెట్టు కనిపించడం లేదు. కోడలు వెళ్లి భుజం పట్టుకుని దించింది. వీధిలోకి వెళ్లిన పిల్ల అక్కడినుంచే వెనక్కి తిరిగింది.

"అవ్వా! రేపు కూడా కాసు తేనా?"

"తే," అని అరిచింది కాసమ్మ. "కాసు లేకుండా వచ్చావో, కాళ్లు విరగ్గొడతా."