దేవుడి డబ్బా నాకివ్వని మామ్మ

మా మామ్మ పోయింది. మా నాన్నని కన్నతల్లి. గురువారం పొద్దున్న నేను టాటానగర్ పక్కన ఆదిత్యపూర్‌లో ఫ్యాక్టరీలో లేతు మిషను మీద ఉండగా మా అన్నయ్య బాగ్‌బేరా ఇంటి నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి గేటు బయట నిలబడ్డాడు. కాపలావాడు లోపలికొచ్చి "తేరా భాయీ ఆయా హై, జల్దీ జా" అన్నాడు. అన్నయ్య మొహం చూడగానే సంగతి తెలిసిపోయింది.

"మామ్మ ఎల్లిపోనాదిరా" అన్నాడు.

నేను ముందు ఏడవలేదు. "డబ్బా ఎవరికిచ్చింది?" అని అడిగాను.

అన్నయ్య సైకిలు హ్యాండిలు పట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "మీ వదినకి" అన్నాడు. అప్పుడు ఏడ్చాను. ఆ ఏడుపులో మామ్మ కోసం ఎంత, డబ్బా కోసం ఎంత అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మంచిమాటలే రాయాలంటారు. నేను మంచివాడినని రాసుకుంటే మామ్మ చెవి మెలిపెట్టేది. అందుకని జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

ఆ డబ్బా సంగతి మన క్రైస్తవ సంఘాల్లో ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. మగవాళ్లకే చెప్పాలి, మనం వంటింట్లో తొంగిచూడం కాబట్టి. పూటకి కావలసిన బియ్యం కొలిచాక, కడగకముందు, అందులోంచి ఒక గుప్పెడు తీసి దేవుడి వాటాగా పక్కన పెడతారు. ఆదివారం ఆడవాళ్లంతా ఎవరి బియ్యం వాళ్లు తెచ్చి గుళ్లో ఒకే గంపలో పోస్తారు. దిక్కులేని ముసలివాళ్ల ఇళ్లకి ఆ బియ్యం వెళ్తాయి. మా ఇంట్లో ఆ బియ్యం దాచేది బిస్కట్ల రేకు డబ్బాలో. మూత మీద బొమ్మ ఎప్పుడో అరిగిపోయింది. మేము దాన్ని దేవుడి డబ్బా అనేవాళ్లం. తాతయ్య రైల్వేలో కలాసీగా చేరినప్పుడు మామ్మ శ్రీకాకుళం వైపు నుంచి మూటా ముల్లే కట్టుకుని టాటానగర్‌లో దిగింది. ఈ అలవాటు కూడా తనతోనే దిగింది. తీసిన గుప్పెడు వెంటనే డబ్బాలో పోసేది కాదు. చెయ్యి విప్పి, గింజలు వేలితో కదిపి, రాయి కనిపిస్తే ఏరి పక్కన పెట్టేది. "రాళ్లు మనం తిందాం, దేవుడికెందుకు" అనేది.

మామ్మకి అక్షరం రాదు. ఆవిడకి బైబిలు చదివి పెట్టేవాణ్ణి నేను. మా బడి హిందీ బడి. తెలుగు నాకు ఏ మాస్టారూ చెప్పలేదు. మామ్మకి కీర్తనలన్నీ నోటికొచ్చు. ఆవిడ పాడుతుంటే నేను పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఏ శబ్దానికి ఏ అక్షరమో వేలుపెట్టి పోల్చుకున్నాను. రెండు వేసవులు పట్టింది. అలా నేర్చుకున్న తెలుగుతోనే ఇది రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

నేను హిందీలో జవాబిస్తే మాత్రం ఊరుకునేది కాదు. ఒకసారి "ఠీక్ హై మామ్మా" అన్నాను.

"ఠీక్ హై ఏటిరా? దేవుడు నన్ను తెలుగులోనే పిలుత్తాడు. రేపు నువ్వు అక్కడికొచ్చి ఠీక్ హై అంతే, నా మనవడివని ఎలాగ పోల్చుకుంతాను?"

ఆవిడ మనవణ్ణని నాకంత గర్వం. నా తర్వాతే ఎవరైనా అనుకునేవాణ్ణి.

రైల్వే సమ్మె జరిగిన వేసవిలో నాకు పదహారేళ్లు. నాన్న సమ్మెలో ఉన్నాడు, జీతం లేదు. ఒక మధ్యాహ్నం ఇంట్లో బియ్యం పూర్తిగా అయిపోయాయి. జుగ్సలాయి గోదాముల ముందు బస్తాల్లోంచి రాలిన బియ్యం ఊడ్చుకోనిస్తారని అమ్మ చేట పట్టుకుని వెళ్లింది. నాకు ఆకలి, ఆకలికి మించిన కోపం. అలమార మీద దేవుడి డబ్బా కనిపించింది. అందులో వారం రోజుల గుప్పెళ్లున్నాయి. తీసి గిన్నెలో బోర్లించాను.

"క్యా ఫాయిదా మామ్మా? దేవుడికి ఆకలేస్తుందా? మనకేస్తోంది" అని అరిచాను.

మామ్మ కొడుతుందనుకున్నాను. ఆవిడ లేచి వచ్చి "ఆగు, కడగీకు" అంది. గిన్నెలో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీసింది. చెయ్యి విప్పి, రాయి ఏరి, ఖాళీ డబ్బాలో పోసి మూత పెట్టింది. "ఇప్పుడు వండు" అంది.

"ఉన్నవే నాలుగు గింజలు, మళ్లీ అందులోంచి తీయడమేటి?"

"ఇంతవరకూ అవి దేవుడివి. ఇప్పుడు ఆయన మనకిచ్చినాడు. ఇచ్చినాక మనవే గదా. మనవాట్లోంచి తీయాల గదరా."

అన్నం వండాం. అందరితో పాటు మామ్మా తింది. సండే స్కూల్లో ఎన్నేళ్లు కూర్చున్నా నాకు ఎక్కనిది ఆ మధ్యాహ్నం ఎక్కింది. నాకు విశ్వాసం ఎక్కడిదని ఎవరైనా అడిగితే ఆ గిన్నె చూపిస్తాను. ఆ డబ్బా ఎప్పటికైనా నాదేనని ఆ రోజే అనుకున్నాను.

తర్వాత వదిన వచ్చింది. జుగ్సలాయి పిల్ల. వాళ్లూ తెలుగువాళ్లే, హిందువులు. వాళ్ల నాన్న గోదాముల్లో బస్తాలు మోస్తాడు. అన్నయ్యా ఆవిడా ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఇంట్లో అడుగు పెట్టిన రోజుకి వదినకి ఒక్క కీర్తన రాదు. మామ్మ ఆవిణ్ణి పొయ్యి దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని, ఆవిడ చేతి మీద తన చెయ్యి వేసి, గుప్పెడంటే ఎంతో చూపించింది. నేను గుమ్మంలో బైబిలు పట్టుకుని నిలబడ్డాను. ఏ రోజైనా నా చేతి మీద అలా చెయ్యి వేసిందా? లేదు. నేను చదువుతుంటే మధ్యలో "అమ్మడూ, ఎసరు సూడు" అని వదినని పిలిచేది. నా గొంతు గోడకి వినిపించడానికా? పుస్తకం మూసేసి బయటికి పోయేవాణ్ణి. సంవత్సరం తిరిగేసరికి మామ్మ పాడే పాటలన్నీ వదిన పాడుతోంది, మామ్మ సాగదీసే చోటే సాగదీస్తోంది. వింటుంటే ఒళ్లు మండేది.

అప్పుడు నేనొక తెలివి తక్కువ పని చేశాను. ఠీకేదారు, అదే కాంట్రాక్టరు, నన్ను పర్మనెంటుగా పనిలోకి తీసుకున్న నెలలో సన్నబియ్యం బస్తా ఒకటి రిక్షాలో వేసుకుని గుడికి తీసుకెళ్లాను. బస్తా మీద కాగితం అంటించి నా పేరు రాశాను. ఆడవాళ్ల గంప పక్కన నిలబెట్టాను. గంప చిన్నదైపోయింది. పాస్టరయ్యగారు నా పేరు చదివి స్తోత్రం చెప్పారు. నేను తిరిగి మామ్మ వైపు చూశాను. ఆవిడ కళ్లు మూసుకుని ఉంది.

ఇంటికి నడుస్తుంటే అడిగింది. "బస్తా బాగుందిరా. ఏ పూట అన్నంలోంచి తీసినావు?"

నేను నడక వేగం పెంచాను.

"ఎవరి కంచంలో తగ్గింది?"

"ఎవరికీ తగ్గలేదు మామ్మా."

"అయితే అది దానం. మంచిదే. గుప్పెడు వేరు."

వెనకాల వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుందో, నన్ను చూసి జాలిపడిందో నాకు తెలీదు. నెల రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

పోయిన చలికాలం ఇక ఆగలేక తిన్నగా అడిగేశాను. "డబ్బా నాకియ్యి మామ్మా."

"నువ్వు వండుతావేటి?"

"వండను. మీరంతా ఉన్నారుగా."

"వండని చేతికి డబ్బా ఎందుకురా? గోడకి తగిలించుకుంతావా?"

"నేను ఈ విశ్వాసంలో పుట్టాను. ఆవిడ నిన్న వచ్చింది!" అన్నాను. వదిన వింటోందని తెలిసే అన్నాను.

మామ్మ నవ్వింది. "మాయమ్మ కూడా అలగే కొత్తగా వచ్చినాదిరా. ఎవరో ముసలమ్మ చెయ్యి పట్టి నేర్పింది. అప్పుడా ముసలమ్మ మనవడు కూడా నీలాగే ఏడ్సుంతాడు."

జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. ఆ వారమే పెట్టె సర్దుకుని ఆదిత్యపూర్‌లో ఇంకో ఇద్దరు కుర్రాళ్లతో గది తీసుకున్నాను. హోటల్లో తినేవాణ్ణి. నెలకోసారి బాగ్‌బేరా వెళ్లినా బైబిలు తీయలేదు. మామ్మా చదవమని అడగలేదు. చివరిసారి వెళ్లినప్పుడు మాత్రం "నువ్వు సదివితే దేవుడితో తగువాడుతున్నట్టుంతాదిరా. నాకు బాగుంతాది" అంది. అప్పుడైనా పుస్తకం తీయాల్సింది. మళ్లీ వచ్చినప్పుడు చదువుతాననుకున్నాను.

సమాధి దగ్గర వాక్యం నేనే చదివాను. మధ్యలో రెండుసార్లు ఆగాను. ఇంటికొచ్చాక, వచ్చినవాళ్లకి అన్నం వండాలని వదిన పెద్ద గిన్నెలో బియ్యం కొలిచింది. ఏడుస్తూనే ఉంది. ఏడుస్తూనే ఒక గుప్పెడు తీసి, చెయ్యి విప్పి, వేలితో కదిపి రాయి ఏరింది. అచ్చం మామ్మ చెయ్యి. ఆ రోజు నాకు అన్నం దిగలేదు. దుఃఖం వల్ల అనుకున్నారు అందరూ.

గదికి తిరిగొచ్చి కిరోసిన్ స్టవ్వు, గిన్నె కొన్నాను. వండని చేతికి ఎందుకందిగా, వండుతాను. మొదటి రోజు బియ్యం కొలిచాను, కడిగాను, ఎసట్లో పోయబోతూ గుర్తొచ్చి ఆగిపోయాను. కడక్కముందు తీయాలి. అప్పటికే తడిసిపోయాయి. తడి బియ్యం దాస్తే బూజు పడుతుంది. అయినా ఒక గుప్పెడు తీసి కిటికీ దగ్గర హిందీ పేపరు మీద ఆరబోశాను. నా చెయ్యి పెద్దది, లేతు మీద పనిచేసే చెయ్యి. ఆ పూట కంచంలో బాగానే తగ్గింది.

గదిలో ఉండే ఛప్రా ఊరి కుర్రాడు చూసి "చిడియా కో ఖిలాయేగా క్యా?" అని నవ్వాడు. "పిట్టలకి కాదు, దేవుడికి" అని తెలుగులో చెప్పాను. వాడికి అర్థం కాలేదు.

శనివారం దాకా ప్రతి పూటా అదే తప్పు చేశాను. కడిగాకే గుర్తొచ్చేది. బియ్యం ఆరాయి గాని పేపరు సిరా అంటుకుని నల్లటి మచ్చలు పడ్డాయి. అదే పేపర్లో పొట్లం కట్టి ఆదివారం గుడికి వెళ్లాను. ఆడవాళ్ల వరసలో మగవాణ్ణి నేనొక్కణ్ణే. ముందు వదిన, చేతిలో దేవుడి డబ్బా. తిరిగి నా పొట్లం చూసింది.

"ఏటి మరిదిగారూ, గింజల మీద అచ్చులున్నాయి? బైబిలేటి?" అంది. ఆ వెంటనే గొంతు తగ్గించి, "కడక్కముందు తీయాల" అంది.

మామ్మ గొంతే. ఎక్కడ సాగదీయాలో అక్కడే సాగదీసింది. వదిన డబ్బా మూత తీసి నా వైపు పట్టింది, అందులో పోయమని. నేను పోయలేదు. అంత మంచితనం నాకింకా రాలేదు. ఆవిడ పక్కనుంచి ముందుకెళ్లి పొట్లం విప్పి గంపలో నేనే పోశాను. తెల్లటి కుప్ప మీద నా మచ్చల బియ్యం ఒక్కటే కనిపించింది. తర్వాత వదిన తన డబ్బా వంపింది. వెనకాల ఇంకో ఆవిడ, ఆ వెనకాల ఇంకొకావిడ. వెతుకుతూ నిలబడ్డాను. నా గింజలు ఎక్కడికి పోయాయో నాకే కనిపించలేదు.