జుట్టు గడ్డ, దాని పక్కన ఇంకొకటి

బ్యూటీ పార్లర్ ఆవిడకు ఒక పద్ధతి ఉంది. కస్టమరు నడినెత్తి బోసిపోయి కనిపించినా సరే, "మీ జుట్టు ఎంత మెత్తగా ఉందో!" అంటూ మొదలుపెడుతుంది. అవతలి మనిషి ఉబ్బిపోయాక మెల్లగా "కాకపోతే..." అంటుంది. పార్లర్ ఇన్నేళ్లు నడిచింది ఆ 'కాకపోతే' మీదే.

అందుకే, తనకు ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ నవ్వుతూ మంచం పక్కన కూర్చోగానే ఆవిడ గుండెల్లో రాయి పడింది. ఈ డాక్టరమ్మ కూడా తన దగ్గర తలకు రంగు వేయించుకునే మనిషే.

"మీ అండాశయంలో గడ్డ తీసేశాం. దాన్నిండా జుట్టే! అలాంటివి మామూలే, ప్రమాదం లేదు."

బట్టతల మొగుడు కుర్చీలోంచి లేచాడు. "ఎంత పొడుగుందండీ?"

"మీరు కూర్చోండి! అదేమన్నా మీ నెత్తికి అతుకుతుందా?" అని కసిరి, ఆవిడ డాక్టరమ్మ వైపు తిరిగింది. "నల్లదేనా? చివర్లు చిట్లాయా?"

"నల్లగా, ఒత్తుగా ఉంది. కాకపోతే..."

వచ్చింది మహాతల్లి, ఆ 'కాకపోతే'.

"దాని పక్కనే ఇంకో గడ్డ ఉంది. దీనికీ దానికీ సంబంధం లేదు, రకమే వేరు. రెండూ ఒకేచోట ఉండటం అరుదు. అది మంచిదో చెడ్డదో ల్యాబ్ వాళ్లు చెప్పాలి."

పరామర్శకు వచ్చిన చుట్టాలకు ఆవిడ జుట్టు గడ్డ కథ చెప్పి పొట్ట చెక్కలయ్యేలా నవ్వించింది. రెండోదాని ఊసే ఎత్తలేదు. ఎవరైనా తవ్వబోతే మాట మొగుడి బట్టతల మీదకు మళ్లించేది. ఆయన కూడా పాపం, నవ్వుకోమన్నట్టు తల వంచి ఇచ్చేవాడు. అందరూ వెళ్లాక ఇద్దరికీ అన్నం సయించేది కాదు.

పార్లర్ మళ్లీ తెరిచాక, రిపోర్టు వచ్చిన సాయంత్రమే డాక్టరమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆవిడ రంగు పూస్తుంటే డాక్టరమ్మ అద్దంలోంచి చూసి నవ్వింది. ఆవిడ చేతిలో బ్రష్ ఆగిపోయింది.

"దండం పెడతాను డాక్టరమ్మా, పొగడొద్దు. అసలు సంగతి చెప్పేయండి."

"రెండోదీ మంచిదే."

"కాకపోతే?"

"కాకపోతే ఏమీ లేదు. అంతే."

బెంచీ మీద ఉన్న మొగుడు తువ్వాలులో మొహం దాచుకున్నాడు. ఇన్నాళ్లూ ఊరందరినీ నవ్వించిన మనిషి భోరుమంది. రంగు డాక్టరమ్మ చెవి మీద కారింది. వెక్కుతూనే దాన్ని తుడిచి, పాపిట తీసి చూసింది.

"డాక్టరమ్మా, మీ నడినెత్తి పలచబడిపోయింది."

"కాకపోతే?" అంది డాక్టరమ్మ ఆశగా.

"కాకపోతే ఏమీ లేదు. అంతే."